సైస్‌కాంప్‌లో మాగ్నిట్యూడ్‌కి లోతు పరిమితి: 35 పెట్టాలా, 80 ఉంచాలా, ఎత్తేయాలా?

ముందే చెప్పేస్తాను. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు కాలేజీలోనో ఇంట్లోనో ఒకటి రెండు భూకంప స్టేషన్లు పెట్టుకుని, భూకంపాల్ని దానంతటదే లెక్కించే సాఫ్ట్‌వేర్ సైస్‌కాంప్ నడుపుతున్నవాళ్లు స్థానిక మాగ్నిట్యూడ్‌కి, అంటే ఎంఎల్‌కి, డిఫాల్ట్‌గా ఉన్న 80 కిలోమీటర్ల లోతు పరిమితినే (అంతకన్నా లోతైన భూకంపానికి ఎంఎల్ లెక్కించకూడదనే హద్దు) ఉంచేయండి. ఉపరితల తరంగాల ఎంఎస్‌కి 100 ఉంటుంది, దాన్ని 60కి దించండి. భూమి లోపలి గుండా వచ్చే పీ తరంగాలతో కట్టే ఎంబీ జోలికి వెళ్లకండి. తొందరలో ఉన్నవాళ్లకి ఇది చాలు. ఎందుకో తెలుసుకుని పెట్టుకుందాం అనుకునేవాళ్లు మిగతాది చదవండి, ఎందుకంటే మీ స్టేషన్లు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఈ జవాబు మారే సందర్భం ఒకటుంది.

35 అనే ఆలోచన ఎక్కడ తప్పుతుంది

చాలామందికి మొదట తట్టేది 35. కారణం సబబుగానే ఉంటుంది. ఎంఎల్ పుట్టిందే దక్షిణ కాలిఫోర్నియాలో, 1935లో, భూపటలంలో పైపైన వచ్చే భూకంపాల మీద రిక్టర్ కట్టిన లెక్కతో. మన ద్వీపకల్పంలో భూపటలం మందం కాస్త అటూ ఇటూగా 35 నుంచి 40 కిలోమీటర్లు, సాఫ్ట్‌వేర్‌లో భూమి పొరలకి వాడే ప్రపంచ సగటు నమూనా ఐఏఎస్‌పీ91 కూడా భూపటలం అడుగుని 35 దగ్గరే పెడుతుంది, కాబట్టి అక్కడే గీత గీసేస్తే లెక్క శుభ్రంగా ఉంటుందని అనిపిస్తుంది.

ఇప్పుడు మన చుట్టుపక్కల నిజంగా వచ్చినవి రెండు తీసుకోండి. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కాకముందే ములుగు దగ్గర వచ్చింది గుర్తుందిగా, 5.3, హైదరాబాదులోనూ ఖమ్మంలోనూ విజయవాడలోనూ తెలిసింది. నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ దానికి ఇచ్చిన లోతు 40 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి దూరం కొలిస్తే 230 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. రెండోది 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో వచ్చిన 6.0. దానికి అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ లెక్కలో లోతు 47 కిలోమీటర్లు, కాకినాడ నుంచి 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పరిమితి 35 పెట్టి ఉంటే ఈ రెండింటికీ మీ తెరమీద ఎంఎల్ గళ్లు ఖాళీగా ఉండేవి. పదేళ్ల తేడాతో వచ్చిన, మన జనం నిజంగా ఒంటితో తెలుసుకున్న రెండు భూకంపాలకి అంకె ఇవ్వలేని సెటప్ ఎంత శుభ్రంగా ఉంటే మాత్రం ఏం లాభం?

ములుగు ఒంటరి సంగతి కూడా కాదు. అదే ప్రాణహిత–గోదావరి లోయలో 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. డెల్టాలో కూర్చుని మనం ప్రధానంగా కనిపెట్టి ఉండాల్సింది ఈ లోయనీ, ఎదురుగా ఉన్న సముద్రాన్నీ. ఆ రెండు చోట్లా 40, 50 కిలోమీటర్ల లోతులు రావని పందెం కాయలేం.

లోతు మారితే ఎంఎల్ ఎంత మారుతుంది

ఇక్కడ కాస్త ఆగి లెక్క చేసి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఈ పని చేయకుండానే పరిమితి గురించి వాదించుకుంటారు. అంతర్జాతీయ సంస్థ ఐఏఎస్‌పీఈఐ ప్రామాణికంగా పెట్టిన సూత్రంలో నానోమీటర్లలో కొలిచిన ఆంప్లిట్యూడ్‌కి, అంటే తరంగం ఊపు ఎత్తుకి, లాగరిథమ్ తీసి, దానికి దూరం లాగరిథమ్‌ని 1.11తో గుణించి కలిపి, దూరాన్ని 0.00189తో గుణించి కలిపి, 2.09 తీసేస్తారు. దూరం అంటే భూమి మీద కొలిచేది కాదు, లోపల పగులు మొదలైన చోటు నుంచి స్టేషన్‌కి వాలుగా ఉండే దూరం.

మీ స్టేషన్ భూకంప కేంద్రానికి 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. లోతు 10 అయితే వాలు దూరం 31.6 కిలోమీటర్లు, లోతు 40 అయితే సరిగ్గా 50. అదే ఆంప్లిట్యూడ్‌కి ఎంఎల్‌లో తేడా 0.26 దాకా వస్తుంది, అది చిన్న విషయం కాదు. ఇప్పుడు స్టేషన్‌ని ములుగుకీ రాజమండ్రికీ ఉన్నంత దూరం, 230 కిలోమీటర్లు జరపండి. లోతు 10కి వాలు దూరం 230.2, లోతు 40కి 233.5, ఎంఎల్‌లో తేడా 0.01. అంటే డెల్టాలో కూర్చుని లోయలోని భూకంపాన్ని కొలిచేటప్పుడు లోతు ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ అయినా ఎంఎల్ దాదాపు కదలదు. లోతు 35 దాటిందన్న కారణంతో అలాంటి స్టేషన్ విలువని పారేయడం నా దృష్టిలో దండగ పని.

మరి పరిమితి అసలెందుకు పెట్టారు? వాలు దూరం లెక్కలోకి వచ్చేస్తే సరిపోదా? సరిపోదు. భూపటలంలో పుట్టిన తరంగం పగుళ్లున్న పై పొరల గుండా పాకుతూ బలం కోల్పోతుంది, ఆ కోల్పోయే తీరు మీదే ఆ 0.00189 లాంటి అంకెలు కట్టారు. వంద, రెండు వందల కిలోమీటర్ల కింద పుట్టిన తరంగం దారిలో ఎక్కువ భాగం మాంటిల్ గుండా వస్తుంది, అక్కడ క్షీణత వేరు, దూరంగా ఉన్న స్టేషన్‌లో పెద్దగా కనిపించే భూపటల తరంగాలు కూడా సరిగా పుట్టవు. ఇంకో ప్రమాదం: మీ అమరికలో దూరాన్ని వాలుగా కాకుండా భూమి మీదే కొలుస్తుంటే, 200 కిలోమీటర్ల లోతున్న భూకంపానికి 10 కిలోమీటర్ల పక్కన ఉన్న స్టేషన్ దాదాపు 1.8 మాగ్నిట్యూడ్ తక్కువ చూపిస్తుంది. 6 కాస్తా 4.2గా కనబడుతుంది. అందుకే పరిమితి మార్చేముందు మీ ఎంఎల్ ఏ దూరం వాడుతోందో ఒకసారి చూసుకోండి.

డెల్టాలో లోతుని నమ్మొచ్చా

అసలు కిటుకు ఇక్కడుంది. లోతు పరిమితి అనేది సాఫ్ట్‌వేర్ తేల్చిన లోతు మీద పనిచేస్తుంది, నిజమైన లోతు మీద కాదు. లోతు గట్టిగా తేలాలంటే కేంద్రానికి దగ్గర్లో, దాదాపు ఆ లోతంత దూరంలోపే, కనీసం ఒక స్టేషన్ ఉండాలి. 2014 భూకంపం లాంటిది సముద్రంలో వస్తే మనకి అతి దగ్గరి స్టేషన్ వందల కిలోమీటర్ల అవతల, అది కూడా అన్నీ ఒడ్డు వైపే. చెరువు గట్టున ఒక పక్కే నిలబడి మధ్యలో లోతెంతో చెప్పమన్నట్టు ఉంటుంది పని. చుట్టూ స్టేషన్లున్న కోణం సగానికి సగం ఖాళీ. దూరదేశాల స్టేషన్లలో, పైకి వెళ్లి ఉపరితలం నుంచి తిరిగి దిగిన పీపీ (pP) తరంగాన్ని, నేరుగా వచ్చిన పీ తరంగాన్ని జత చూసుకుంటేనే లోతు నిలబడుతుంది. ఆ డేటా మన చేతికి వచ్చేసరికి మొదటి లెక్కలు ఎప్పుడో వెళ్లిపోతాయి.

దీనికి తోడు మన నేల. కృష్ణా–గోదావరి బేసిన్‌లో కిలోమీటర్ల మందాన అవక్షేపం ఉంది, పైన మెత్తటి ఒండ్రు, తరంగాలు అందులో నెమ్మదిస్తాయి, ఊపు పెరుగుతుంది. ప్రపంచ సగటు నమూనాతో లెక్కించే సాఫ్ట్‌వేర్‌కి ఈ ఆలస్యం దూరంగానో లోతుగానో కనబడుతుంది. భీమవరం చుట్టూ స్టేషన్ పెట్టినవాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది, రాత్రిళ్లు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటే ఆ గోలలో ఎస్ తరంగం మొదలైన చోటు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎస్ సరిగా దొరకకపోతే లోతు ఇంకా వదులైపోతుంది.

కాబట్టి ఆటోమేటిక్ లెక్కలో లోతు ఎలా ఆడుతుందో ఊహించుకోండి. మొదట కొద్ది స్టేషన్లతో లోతు తేలక డిఫాల్ట్ 10 పెట్టేస్తుంది, ఎంఎల్ వస్తుంది. రెండు నిమిషాల్లో ఇంకొన్ని స్టేషన్లు కలిసి లోతు 58 అంటుంది. తరవాత 44. పరిమితి 50 పెట్టారనుకోండి, ఎంఎల్ వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. ఎంఎల్ పోయిన ఆ మధ్యలో మొత్తం మాగ్నిట్యూడ్ ఎంబీ ఒక్కదాని మీదే నిలబడి ఎటో గెంతుతుంది. ఫోన్లో ఎవరో "ఎంత వచ్చిందండీ?" అని అడుగుతున్న సమయంలో ఇలా జరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు. పరిమితి ఎంత ఉండాలన్నది మీ ప్రాంతంలో రావచ్చనుకునే గరిష్ఠ లోతుకి, మీ లెక్కలో వచ్చే లోతు తప్పుని కలిపి నిర్ణయించుకోవాలి. మనకి మొదటిది సుమారు 50 అనుకుంటే, ఇరవై ముప్పై కిలోమీటర్ల వదులు కలిపితే 80 దగ్గరే తేలుతుంది. డిఫాల్ట్ ఉంచమని చెప్పడం బద్ధకంతో చెప్పిన మాట కాదు, మన లెక్క కూడా అక్కడికే వస్తోంది.

మరి పూర్తిగా ఎత్తేస్తే?

ఎత్తేయమనేవాళ్ల వాదన: ఎక్కువ విలువలు వస్తే మంచిదేగా, తరవాత మనిషి చూసుకుంటాడు. దీనికి జవాబు మ్యాప్‌లో ఉంది. సైస్‌కాంప్‌లో ఎంఎల్‌కి దూరం పరిమితి కూడా ఉంటుంది, డిఫాల్ట్‌గా 8 డిగ్రీలు, అంటే దాదాపు 890 కిలోమీటర్లు. కాకినాడ మధ్యలో పెట్టి ఆ వలయం గీయండి. లోపల పడేది దక్కన్, తూర్పు కనుమలు, ఒడిశా, బంగాళాఖాతంలో మన వైపు భాగం. అండమాన్ బయటే, మయన్మార్ బయటే, హిందూకుష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక భూపలక ఇంకోదాని కిందికి దూరి లోతైన భూకంపాలు పుట్టే ప్రాంతం ఒక్కటి కూడా ఆ వలయంలో లేదు. 2015 అక్టోబరులో ఢిల్లీని ఊపేసిన హిందూకుష్ 7.5 భూకంపం 200 కిలోమీటర్లకి పైగా లోతున వచ్చింది గానీ, దానికి డెల్టా స్టేషన్ల నుంచి ఎంఎల్‌ని దూరం పరిమితే ఆపేస్తుంది, లోతు పరిమితి దాకా వ్యవహారం రాదు.

అంటే డెల్టా స్టేషన్లు మాత్రమే ఉన్న సెటప్‌లో, ఆ వలయం లోపల ఎప్పుడైనా లోతు 150 అని వచ్చిందంటే, దాదాపు ఖాయంగా కేంద్రం తప్పుగా కట్టిందన్నమాట. ఎక్కడో సుమత్రా నుంచి వచ్చిన తరంగాన్ని దగ్గరిదనుకుని లెక్కేసి ఉండొచ్చు. అలాంటి దానికి ఎంఎల్ రాకుండా ఆగిపోవడమే మనకి కావాలి. 80 ఉంటే ఆ ఖాళీ గడే మీకు సూచన ఇస్తుంది, ఎత్తేస్తే తప్పు కేంద్రానికి నమ్మకంగా కనిపించే మాగ్నిట్యూడ్ ఒకటి అతుక్కుని బయటికి వెళ్లిపోతుంది.

ముందు చెప్పిన మినహాయింపు ఇదే. స్టేషన్ల డేటాని నెట్‌లో తెచ్చుకునే సీడ్‌లింక్ ద్వారా అండమాన్ వైపు స్టేషన్లో, మయన్మార్ స్టేషన్లో, ఇంకా దూరపువో కలుపుకున్నారా? అప్పుడు కథ మారుతుంది. 2016 ఆగస్టులో మయన్మార్‌లో 6.8 వచ్చింది, దాని లోతు 80కి కాస్త పైన, సరిగ్గా గీత మీద. అదే ఏడాది ఏప్రిల్‌లో అక్కడే వచ్చిన 6.9 లోతు 130 దాటింది. ఆ దగ్గరి స్టేషన్ల నుంచి ఇలాంటివాటికి ఎంఎల్ కావాలా వద్దా అనేది మీరు తేల్చుకోవాలి. నా సలహా: వద్దు. దానికి ఎంబీ ఉంది, పెద్ద సంస్థలు ఇచ్చే మొమెంట్ మాగ్నిట్యూడ్ ఉంది. తప్పదనుకుంటే అందరికీ కలిపి 80ని 150 చేయకండి. ప్రాంతాలవారీ అమరిక ఉంది కదా, మ్యాప్ మీద బహుభుజి గీసి ఆ ప్రాంతానికి మాత్రం వేరే క్షీణత పట్టిక, వేరే లోతు హద్దులు ఇవ్వొచ్చు. డెల్టా, లోయ, సముద్రం ఒక ప్రాంతంగా 80తోనే ఉంటాయి. పని ఎక్కువే, కానీ వేరే ప్రాంతపు లోతుల కోసం మన ప్రాంతపు కాపలా తీసేయడం కన్నా నయం.

ఎంఎస్, ఎంబీ

ఎంఎస్ గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. 20 సెకన్ల కాలవ్యవధి దగ్గర ఉపరితల తరంగాల్ని కొలుస్తుంది, భూకంపం లోతుకి వెళ్లేకొద్దీ ఆ తరంగాలు బలహీనంగా పుడతాయి, మాగ్నిట్యూడ్ తక్కువ చూపిస్తుంది. ఐఏఎస్‌పీఈఐ ప్రమాణం 60 కిలోమీటర్ల లోపు భూకంపాలకే వాడమంటుంది, సైస్‌కాంప్ డిఫాల్ట్ 100 దాకా ఒప్పుకుంటుంది. ఆ మధ్య నలభై కిలోమీటర్లలో వచ్చేవి చాలావరకూ తక్కువ అంచనాలే, వాటిని సగటులో కలుపుకోవడం కన్నా 60 దగ్గర ఆపడం మేలు. మరో సంగతి, ఎంఎస్‌కి కనీస దూరం 20 డిగ్రీలు. 2004 డిసెంబరు 26 సుమత్రా భూకంప కేంద్రం కాకినాడ నుంచి సుమారు 19 డిగ్రీలు, అంటే మనల్ని సునామీతో ముంచిన ఆ భూకంపానికి కూడా డెల్టా స్టేషన్ నుంచి ఈ ఎంఎస్ రాదు. ఎంఎస్ రాలేదని లోతు పరిమితిని తిట్టుకునేముందు దూరం చూసుకోండి.

ఎంబీ లెక్కలోనే గూటెన్‌బర్గ్, రిక్టర్ కట్టిన పట్టిక ఉంటుంది, అది దూరంతో పాటు లోతుని కూడా 700 కిలోమీటర్ల దాకా చూసుకుంటుంది. 2013 మేలో ఒఖోట్స్క్ సముద్రం కింద దాదాపు 600 కిలోమీటర్ల లోతున 8.3 వచ్చింది. అలాంటివాటికి ఎంఎల్, ఎంఎస్ రెండూ తప్పుకున్నాక, తరంగాలు చూసి నేరుగా లెక్కేసేవాటిలో మీకు మిగిలే ఆధారాల్లో ఎంబీ ముఖ్యమైనది. అంత పెద్దవాటికి అది తక్కువ చూపిస్తుంది నిజమే, అయినా లోతు కారణంగా దాన్ని ఆపకండి.

భూకంపాల్ని లెక్కించే మరో సాఫ్ట్‌వేర్ సైసాన్ వాడేవాళ్లకి ఒక్క మాట. అందులో ఎంఎల్ సూత్రం అంకెల్ని, ఆ 1.11, 0.00189, 2.09లని, స్టేషన్ ఫైల్లో మీరే మార్చుకోవచ్చు, దూరం వాలుదే వాడుతుంది, ప్రతి భూకంపాన్నీ మనిషి కూర్చుని చూస్తాడు. ఆటోమేటిక్ కాపలా అవసరం అక్కడ తక్కువ. రోజుకి ఒకటో రెండో చూసి నేర్చుకునే విద్యార్థికి సైసాన్ బాగుంటుంది. రాత్రీ పగలూ దానంతటది నడవాలంటే సైస్‌కాంప్, అప్పుడు ఈ పరిమితులు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలి.

ఎక్కడ మార్చాలి, ఎలా సరిచూడాలి

సైస్‌కాంప్ పాత వెర్షన్లలో ఎంఎల్ లోతు పరిమితి కోడ్‌లోనే రాసేసి ఉండేది, కొత్తవాటిలో సెట్టింగుగా దొరుకుతుంది. మీ వెర్షన్‌తో వచ్చిన డాక్యుమెంటేషన్‌లో ఆ మాగ్నిట్యూడ్ పేజీ తెరిచి సెట్టింగ్ పేరు అక్కడి నుంచే కాపీ చేసుకోండి, స్పెల్లింగ్ తేడా వస్తే సాఫ్ట్‌వేర్ మాట్లాడకుండా డిఫాల్ట్‌కి వెళ్లిపోతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది: పరిమితి రెండు చోట్ల పెట్టొచ్చు, ఆంప్లిట్యూడ్ కొలిచే ఎస్‌సీయాంప్ దశలో ఒకటి, మాగ్నిట్యూడ్ లెక్కించే ఎస్‌సీమ్యాగ్ దశలో ఒకటి. ఆంప్లిట్యూడ్ దశని తెరిచే ఉంచండి. అక్కడ ఆపేస్తే, మొదటి లెక్కలో లోతు 95 అని తప్పుగా వచ్చినప్పుడు ఆంప్లిట్యూడ్ కొలతే డేటాబేస్‌లోకి చేరదు, తరవాత లోతుని 40కి సరిచేసినా ఎంఎల్ కట్టడానికి చేతిలో ఏమీ ఉండదు, మళ్లీ తరంగాల దగ్గరికే వెళ్లి కొలవాలి. మాగ్నిట్యూడ్ దశలో ఆపితే కొలత భద్రంగా ఉంటుంది, లోతు హద్దులోకి రాగానే ఎంఎల్ దానంతటదే వస్తుంది.

ఒక్కో స్టేషన్‌కి విడిగా సెట్టింగులిచ్చే బైండింగుల్లో పెడుతుంటే అన్ని స్టేషన్లకీ ఒకే ప్రొఫైల్ వాడండి. కొన్నిటికి 80, కొన్నిటికి 60 ఉంటే లోతు 70 వచ్చిన రోజున సగం స్టేషన్లే సగటులోకి వస్తాయి, ఆ సగం ఏవన్నదాన్ని బట్టి మాగ్నిట్యూడ్ మారుతుంది. మార్చాక కన్ఫిగరేషన్ అప్‌డేట్ చేసి, ఎస్‌సీమ్యాగ్‌ని తిరిగి మొదలుపెట్టాలి, లేకపోతే పాత విలువే నడుస్తుంటుంది. కనీస లోతు పరిమితి మాత్రం పెట్టకండి. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీ పేలుళ్లని వదిలించుకోవడానికి సున్నా లోతుని కొట్టేద్దాం అనిపిస్తుంది, కానీ లోతు తేలక సున్నాకి అతుక్కున్న అసలు భూకంపాలు కూడా వాటితో పోతాయి. పేలుళ్లని ఈవెంట్ రకంలో పేలుడు అని గుర్తు పెట్టి వేరు చేయండి.

సరిచూడటానికి ములుగు రికార్డు మీ దగ్గరుంటే అదే వాడండి, లేకపోతే ఏదైనా స్థానిక భూకంపం. సైస్‌కాంప్‌లో భూకంపాల్ని మనిషి సరిచూసే కిటికీ ఎస్‌సీఓఎల్‌వీలో తెరిచి, లోతుని చేత్తో 10కి బిగించి మళ్లీ లెక్కించి ఎంఎల్ రాసుకోండి, తరవాత 40, తరవాత 79, తరవాత 85. మొదటి మూడింటికీ దూరపు స్టేషన్లలో విలువ వందో వంతుల్లో మాత్రమే కదలాలి, దగ్గరి స్టేషన్‌లో కాస్త ఎక్కువ కదులుతుంది, 85కి ఎంఎల్ రాకూడదు, స్టేషన్ మాగ్నిట్యూడ్ పక్కన లోతు హద్దు దాటిందన్న కారణం కనిపించాలి. 85కి కూడా ఎంఎల్ వచ్చిందంటే మీరు మార్చిన ఫైలు సాఫ్ట్‌వేర్ చదవడం లేదు, లేదా వేరే ప్రొఫైల్ మీద నడుస్తోంది. అది తేలాక ఏ తేదీ నుంచి ఏ పరిమితి పెట్టారో లాగ్‌లో ఒక వాక్యం రాయండి. వచ్చే ఏడాది మీ జాబితా తీసుకుని పనిచేసే విద్యార్థికి ఫలానా భూకంపానికి ఎంఎల్ ఎందుకు లేదో అక్కడ దొరుకుతుంది.